పేరు పెట్టి తిట్టండి

దర్భంగా,
28 జూన్ 1968

వియ్యపురాలు శ్రీమతి జగత్తారిణీదేవి గారికి హర్షపతి మిశ్ర నమస్కారాలు.

మగపెళ్ళివారి పెద్ద ఆడపెళ్ళివారి ఇంటి ఆడవారికి నేరుగా ఉత్తరం రాయడం పద్ధతి కాదని నాకు తెలుసు. రాస్తే పెళ్ళికూతురి తండ్రికి, అంటే మీ మరిదిగారికి రాయాలి. కాని ఆయనకు రాస్తే తిరుగు టపాలో "తప్పయిపోయింది, మన్నించండి" అని వస్తుంది. నాకు కావలసింది క్షమాపణ కాదు, జవాబు. అది మీ దగ్గరే ఉంది. ఈ ఉత్తరం మీ ఆయనగారికి చూపించే చదవండి, నాకేమీ అభ్యంతరం లేదు.

పెళ్ళి మరునాటి మధ్యాహ్నం మర్యాద భోజనంలో నేను విస్తరి ముందునుంచి లేచిపోయాను. నాతోపాటు మా వైపు అరవైమంది లేచారు. వడ్డించేవారు గరిటెలు పట్టుకుని నిలబడిపోయారు. మా శశిధర్ కొత్త పెళ్ళికొడుకు పాగాతోనే నా వెనక పరుగెత్తుకొచ్చి "నాన్నా, ఏమైంది?" అన్నాడు. కడుపునొప్పి అన్నాను. ఎవరూ నమ్మలేదు.

పాటల్లో తిట్టినందుకు నేను లేచానని మీ ఊళ్ళో అనుకుంటున్నారని తెలిసింది. నేను అంత మూర్ఖుణ్ణి కాను. మా ఇంటావిడ గాజులవాడితో లేచిపోయిందని మీ ఆడవాళ్ళు పాడారు, నవ్వాను. మా తాత గాడిదతో వియ్యమందాడని పాడారు, ఇంకో రెండు చేపముక్కలు అడిగి వేయించుకున్నాను. వియ్యంకుణ్ణి తిట్టకుండా పెట్టిన భోజనం మన మిథిలలో భోజనమే కాదు. ఆ తరవాత మీరు ఇది ఎత్తుకున్నారు.

"పేర్లన్నీ పాడేశాము, అత్త పేరేదమ్మా?
చీపురు వెనక దాచారా, చింతచెట్టు ఎక్కించారా?
పండితయ్యా చెప్పవయ్యా, పెళ్ళికొడుకు మేనత్తను
గంపెడు శనగలకిచ్చేసి గడప కడిగి కూర్చున్నావా?"

ఒకసారి కాదు, మూడుసార్లు పాడారు. నాకు ఒక చెల్లెలు ఉంది. అంతకంటే ఇక్కడ రాయను.

నేను కళాశాలలో ముప్పై ఏళ్ళుగా న్యాయదర్శనం, అంటే తర్కశాస్త్రం చెబుతున్నాను. మాటకు అర్థం ఎక్కడినుంచి వస్తుందన్నదే నేను చెప్పే పాఠం. ఈ మాటకు ఇది అర్థం అని లోకమంతా ఒప్పుకున్న కట్టుబాటు ఒకటి ఉంటుంది. ఆ మాట అన్న మనిషి మనసులోని తాత్పర్యం ఇంకొకటి ఉంటుంది. కట్టుబాటు ప్రకారం పెళ్ళిపాటలో తిట్టు తిట్టు కాదు, మర్యాద. దానికి నేను తల వంచుతాను. కాని పాడిన మనిషి పాట చాటున నిజంగానే ఒక మాట అనదలుచుకుంటే అది ఇక పాట కాదు, నేరారోపణ. ముందుపాట మీది, ఆ చరణాలు మొదలైంది మీ గొంతులో. అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను. అనాలని అన్నారా, పాట గనక అన్నారా?

మీ పూర్ణిమను కాపురానికి తెచ్చుకునే ద్విరాగమనానికి జ్యోతిష్కుడు ఈ మార్గశిరం చెప్పాడు. ఇది దాటితే రెండో ఏడు పనికిరాదు, మళ్ళీ మూడో ఏటికే. మీ జవాబు చూశాకే ముహూర్తం సంగతి రాస్తాను.

ఇట్లు
హర్షపతి మిశ్ర


బేలాహీ గ్రామం, మధుబని,
6 జులై

వియ్యంకులవారికి వియ్యపురాలు జగత్తారిణి నమస్కారాలు. మీ కడుపునొప్పి తగ్గిందనుకుంటాను. తగ్గకపోతే వాము పంపిస్తాను.

మీ ఉత్తరం మా ఆయనకు చూపించాను. "నలభై ఏళ్ళనుంచి నీ నోటికి జవాబుదారీ అడిగినవాడు లేడు. ఇన్నాళ్ళకు ఒక మగాడు దొరికాడు" అని చాలా సంతోషించారు. ఆయన అనుమతితోనే రాస్తున్నాను.

తిట్టలేదని అలిగిన వియ్యంకుల్ని చూశాను. మా చిన్న ఆడపడుచు పెళ్ళిలో వాన వచ్చి పాటలు ఆగిపోతే, "మేమేం పరాయివాళ్ళమా, ఒక్క తిట్టయినా తిట్టలేదు" అని వాళ్ళ మామగారు మూడు రోజులు మొహం ముడుచుకున్నాడు. తిట్టామని లేచిపోయిన వియ్యంకుణ్ణి మాత్రం ఇప్పుడే చూడడం. మాటలకు అర్థాలు చెప్పే మీరే ఇలా చేస్తే ఇక నాగలి పట్టేవాళ్ళ సంగతేమిటండీ?

అందులో ఏముంది చెప్పండి. తిట్టుపాటలకోసం మీ మంగలి తెచ్చిన పేర్ల చీటీలో తాత పేరుంది, పినతండ్రుల పేర్లున్నాయి, మేనమామ పేరుంది, మేనత్త పేరు లేదు. మర్చిపోయాడనుకున్నాను. పేరు లేకపోతే లేదనే పాడాము. మీకు చెల్లెలున్న సంగతి నాకేం తెలుసు? మూడుసార్లు ఎందుకంటారా, చేపలు ఇంకా ఉడకలేదు. వంటవాళ్ళు వెనకనుంచి "ఇంకాస్సేపు సాగదీయవే తల్లీ" అని చేతులూపుతుంటే సాగదీశాను.

పాటకు మనసుండదు వియ్యంకులవారూ. మా అత్తగారు పాడింది నేను పాడాను, నేను పాడింది రేపు నా కోడలు పాడుతుంది. పూర్ణిమ రోజూ పంచాంగం తిరగేస్తోంది. మేమంతా చూడనట్టు నటిస్తున్నాము. దాని మొహం చూసైనా ఆ ముహూర్తం రాసి పంపండి.

మీ వియ్యపురాలు
జగత్తారిణి


దర్భంగా,
17 జులై

జగత్తారిణీదేవి గారికి,

మీ ఉత్తరం చదివి మా ఇంటావిడ కాత్యాయని పడి పడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే చేపలు ఉడకలేదన్నారు. ఆ పాట ఎత్తుకునేసరికి నా విస్తట్లో చేప తలకాయతో సహా ఉంది. రెండు ముక్కలు మారు కూడా అడిగానని మొదటి ఉత్తరంలోనే రాశాను. మీరు సరిగా చదవలేదు.

వక్త మనసు తెలుసుకోవడానికి మా పెద్దలు కొన్ని గుర్తులు చెప్పారు. మళ్ళీ మళ్ళీ అనడం ఒక గుర్తు. ఎవరూ అననిది అనడం ఇంకో గుర్తు. పేరు దొరకకపోతే మీ పాటల్లో ఏం చేస్తారని కాత్యాయనిని అడిగాను. "ఏం చేస్తారు, నోటికొచ్చిన పేరు పెట్టి పాడేస్తారు. పేరు లేదని పాడడం నా పుట్టుకలో వినలేదు" అంది. ఆపైన గడప అన్న మాట ఉంది. శనగలు, చింతచెట్టు ఎవరైనా పాడతారు. గడప కడగడం ఎక్కడినుంచి వచ్చింది?

మీకు తెలిసినట్టే ఉంది కాబట్టి నా వైపు సంగతి కూడా వినండి. పదకొండేళ్ళ కిందట మా అమ్మ మంచాన పడింది. వైద్యం చేసే కవిరాజుగారు కఠినమైన పథ్యం పెట్టారు. నా చెల్లెలు తిలోత్తమ చూడడానికి వచ్చి, కొంగులో మాల్దా మామిడిపండు దాచి తెచ్చి, నేను పాఠం చెబుతున్న వేళ అమ్మకు తినిపించింది. నాలుగు రోజులకు అమ్మ పోయింది. పథ్యం చెడగొట్టింది నువ్వేనన్నాను. పదిమంది విద్యార్థుల ముందు అన్నాను. అది "నేనిక ఈ గడప తొక్కను" అంది. తన నోటితో తనే అంది. నేను పొమ్మనలేదు. అన్న మాటకు అర్థం ఉంటుంది గదా. అది వద్దన్న గడపకు దాన్ని పిలవడం దాని మాటను అవమానించడమే అవుతుందని నేను పిలవలేదు. పండగకు సారె పంపలేదు. శశిధర్ పెళ్ళికి కూడా పిలవలేదు. ఇందులో నా తప్పు ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే ఒప్పుకుంటాను.

ఇక ఒక్కటే అడుగుతాను. "ఆ పాట పాడినప్పుడు నా మనసులో ఏమీ లేదు" అని మీ ఇంటి భగవతి మీద ప్రమాణం చేసి ఒక్క వాక్యం రాయండి. ఆ ఉత్తరం అందిన రోజే మార్గశిర ముహూర్తం పంపిస్తాను. ఆ ఒక్క వాక్యం చూస్తే నాకు కంటినిండా నిద్ర పడుతుంది.

హర్షపతి మిశ్ర


బేలాహీ,
30 జులై

వియ్యంకులవారికి,

ముందు మీకు దణ్ణం పెట్టుకోవాలి. మధుశ్రావణి నోముకు కొత్త పెళ్ళికూతురు అత్తవారు పంపినదే తిని, అత్తవారు పంపినదే కట్టి పూజ చేసుకోవాలి గదా. విస్తరి ముందునుంచి లేచిపోయిన మనిషి ఏం పంపుతాడులే అని మా మరిది రహస్యంగా మధుబనిలో చీర కొని దాచాడు, మీరే పంపారని చెబుదామని. ఆ అవసరం రాలేదు. మీ బంట్రోతులు ముగ్గురు కావళ్ళు మోసుకుంటూ వచ్చారు. పసుపుపచ్చ చీర, లక్కగాజులు, మఖానా పేలాలు, అరటిగెల, చిక్కటి పెరుగు కుండలు రెండు. కుండలకు చుట్టిన గడ్డి కూడా చెదరలేదు. పూర్ణిమ ఆ చీర కట్టుకుని పదమూడు రోజులూ పూలు కోసుకొచ్చింది. నా మీద కోపం పిల్ల మీద చూపించలేదు మీరు. ఈ మేలు నేను మర్చిపోను.

ఆ పెరుగు తిన్నాక అబద్ధం రాయడానికి నాకు చెయ్యి రాలేదు. మూడు రోజులు కూర్చున్నాను. ఆ ఒక్క వాక్యం రాసేస్తే పూర్ణిమ గట్టెక్కుతుంది, తిలోత్తమ మునిగిపోతుంది. మీరు కంటినిండా నిద్రపోతారు, ఆవిడ పేరు ఇక మీ ఇంట్లో ఎవరూ ఎత్తరు. నిజం రాస్తే మా పిల్ల మూడో ఏటిదాకా పంచాంగం తిరగేస్తూ కూర్చోవాలి. ఏది రాసినా ఒక ఆడపిల్ల గడప బయటే ఉంటుంది. నేను నిజమే రాస్తున్నాను. శిక్ష వేస్తే నాకు వెయ్యండి.

పెళ్ళికి మూడు రోజుల ముందు, మిట్టమధ్యాహ్నం, మేమంతా వసారాలో మఖానా బాగుచేసుకుంటూ పాటలు కలుపుకుంటున్నాము. ఒకావిడ వాకిట్లో నిలబడింది. కమలానది దాటి రెండు కోసులు నడిచి వచ్చింది. కాళ్ళు మోకాళ్ళదాకా బురద. పిపరాహీ ఊరినుంచి వచ్చానంది. మంచినీళ్ళు తాగి, "ముందుపాట ఎవరిది?" అని అడిగింది. నాదేనన్నాను. నా పక్కన వచ్చి కూర్చుంది.

"నేను పెళ్ళికొడుకు మేనత్తనమ్మా. పేరు తిలోత్తమ. మంగలి తెచ్చిన చీటీలో నా పేరు ఉండదు. మీరు రాసుకోండి."

"పేరు రాసుకోడానికి ఇంత దూరం నడిచొచ్చావా వదినా? పెళ్ళికి ఎలాగూ కబురు..."

"పిలవలేదు. పిలవరు. పిలుపు అడగడానికి రాలేదు నేను. తిట్టండమ్మా. అందర్నీ తిడతారుగా, నన్నూ తిట్టండి. అన్నకొడుకు పెళ్ళిలో మేనత్తని తిట్టకపోతే నేను చచ్చినట్టే లెక్క."

మా ఆడవాళ్ళు మొదట నవ్వారు. ఒకతి "ఏమని తిట్టమంటావు?" అంది. "పచ్చిగా, మీకు ఎంత పచ్చిగా వస్తే అంత పచ్చిగా. మా అన్న వినాలి. ఫలానా తిలోత్తమ వాళ్ళ ఇంటిదేనని అరవైమంది వినాలి" అంది. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు. గడప సంగతి, మామిడిపండు సంగతి అప్పుడే చెప్పింది. నా చెయ్యి పట్టుకుని "నేను అడిగానని మాత్రం చెప్పకు. అడిగి తిట్టించుకున్నానని తెలిస్తే అది ఇంకేం తిట్టు?" అంది. సరేనని మాట ఇచ్చాను. ఇవాళ ఆ మాట తప్పుతున్నాను.

ఇంకో తప్పు కూడా ఉంది, అదీ రాస్తాను. పేరు పెట్టి తిడతానని ఆవిడకు చెప్పాను. తీరా మీరు వచ్చి విస్తరి ముందు కూర్చున్నాక, ఆ నుదుటి గంధం, ఆ ఠీవి చూసి నా నాలుక వెనక్కి పోయింది. ఎవర్నీ లెక్కచెయ్యని దాన్ని, మీకు భయపడ్డాను. "తిలోత్తమ" అని నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి పేరేదమ్మా అని తిప్పేశాను. ఆవిడ అడిగింది తన పేరు. నేను పాడింది ఆ పేరు లేకపోవడం. అందుకే సిగ్గేసి మూడుసార్లు పాడాను, మూడోసారికైనా ధైర్యం వస్తుందేమోనని. రాలేదు. మీరు లేచిపోయారు.

మా నాన్న కూడా మీలాగే శాస్త్రం చెప్పేవాడు. తలుపు వెనక కూర్చుని వినేదాన్ని. చిలక ఒక మాట పలికితే మనకు అర్థమవుతుంది గాని చిలకకు తాత్పర్యం ఉండదు, అది పలుకు నేర్పినవాడిది అనేవాడు. నేను ఆ చిలకననుకోండి. నా మనసులో ఏముందని అడిగారు. నా మనసుతో మీకేం పని? పిపరాహీ వెళ్ళి అడగండి.

జగత్తారిణి


దర్భంగా,
9 ఆగస్టు

జగత్తారిణీదేవి గారికి,

మీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను. జవాబు ఇప్పుడు రాయలేను. పిల్లను బెంగపడవద్దని చెప్పండి అని కూడా రాయలేకపోతున్నాను.

హర్షపతి


బేలాహీ,
22 సెప్టెంబరు

వియ్యంకులవారికి నమస్కారాలు.

నెలన్నర అయింది. మీనుంచి ఉత్తరం లేదు, ముహూర్తం లేదు. మా మరిది నాతో మాట్లాడడం మానేశాడు. ఎదురుపడితే గోడతో చెబుతాడు, "కొందరి నోటి దురద వల్ల ఇళ్ళు కూలిపోతాయి" అని. తోటికోడలు నా చేతి కూర ముట్టడం లేదు. మా ఆయన మాత్రం రెండు పూటలా తిని "ఉప్పు సరిపోయింది" అంటున్నారు. నా పక్షాన ఉన్నానని చెప్పడం ఆయనకు అలాగే వచ్చు.

బతిమాలడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మొదలుపెట్టే ముందు పూర్ణిమను పిలిచి, "అమ్మా, నా వల్ల నీ బతుకు ఇలా అయింది, నన్ను తిట్టు" అన్నాను. అది ముగ్గుపిండి రుబ్బుతోంది. రుబ్బడం ఆపలేదు.

"పెద్దమ్మా, నువ్వు మామగారికి అబద్ధం రాసుంటే నేనీపాటికి చీరలు సర్దుకుంటూ ఉండేదాన్ని. రేపొద్దున్న ఆ ఇంట్లో నాకు కోపం వస్తుంది. రాకుండా ఉంటుందా? నేనూ ఏదో మాట అనేస్తాను. అప్పుడు ఆయన దాన్ని పట్టుకుని కూర్చుంటే నన్నెవరు పిలుస్తారు? ఆవిడని పిలిస్తే నన్నూ పిలిచినట్టే. పిలవకపోతే మూడేళ్ళు కాదు, ముప్పై ఏళ్ళయినా నేనిక్కడే రుబ్బుకుంటా."

పదిహేడేళ్ళ పిల్ల. పంచాంగం చదవడం తప్ప ఏమీ రాదనుకున్నాము. అది అన్నది అన్నట్టు రాశాను. బతిమాలడం మానేశాను. మీ కావళ్ళు వచ్చిన రోజు మీ మీద నాకు కలిగిన గౌరవం ఇంకా పోలేదు. అది మీకు తెలియాలని రాస్తున్నాను.

జగత్తారిణి


దర్భంగా,
26 అక్టోబరు

వియ్యపురాలు జగత్తారిణీదేవి గారికి,

ముందుగా, ద్విరాగమనానికి మార్గశిర శుద్ధ పంచమి, ఉదయం. మీ మరిదిగారికి వేరే ఉత్తరం రాశాను. ఇక ఆయన గోడతో కాకుండా మీతో మాట్లాడవచ్చు.

ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదో చెప్పాలి. మీ జులై చివరి ఉత్తరం చూసి మొదట కోపమే వచ్చింది. పథ్యం చెడగొట్టి, ఊరూరా తిరిగి నా పరువు తీస్తోంది అనుకున్నాను. అలా పది రోజులు గడిచాయి. తరవాత క్లాసులో తాత్పర్యం పాఠం వచ్చింది. అన్న మనిషి ఏమి తెలియజేయాలని కోరి అన్నాడో అది గ్రహిస్తేనే వాక్యం అర్థమైనట్టు అని ముప్పై ఏళ్ళుగా చెప్పే మాట చెప్పబోయి, మధ్యలో ఆగిపోయాను. పుస్తకం మూసి ఇంటికి వచ్చేశాను. ఆరోగ్యం బాగాలేదని అందరూ అనుకున్నారు. అయినా వెళ్ళలేదు. ఏ మొహంతో వెళ్ళను? మీ పూర్ణిమ మాటలు వచ్చాక, వెళ్ళకపోవడానికి నాకు ఏ వాదమూ మిగల్లేదు. భ్రాతృద్వితీయ దాకా ఆగాను. ఆ రోజు అన్న చెల్లెలి ఇంటికి వెళ్ళడానికి వేరే కారణం చెప్పక్కర్లేదు గదా.

బస్సు దిగి, కమల దాటి, పిపరాహీ చేరేసరికి పొద్దెక్కింది. వాకిట్లో చెల్లెలి కోడలు ఎదురైంది. నన్ను ఎప్పుడూ చూడలేదు. ఎవరు కావాలని అడిగింది. తిలోత్తమ కావాలన్నాను.

"అత్తయ్య లోపల తమలపాకులు కడుగుతున్నారండీ. ఇవాళ ఎవరితోనూ మాట్లాడరు. ప్రతి ఏడూ ఇంతే. పీట వేసుకుని మధ్యాహ్నందాకా కూర్చుంటారు, తరవాత లేచి ముగ్గు చెరిపేస్తారు. మీరు కాసేపు అరుగు మీద కూర్చోండి."

వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు, దాని మీద పీట, పక్కన నీళ్ళ చెంబు, గుమ్మడిపువ్వు. పదకొండు ఏళ్ళు, పదకొండు ముగ్గులు. నేను అరుగు మీద కూర్చోలేదు. చెప్పులు విడిచి వెళ్ళి పీట మీద కూర్చుని రెండు చేతులూ చాపాను. ఆ పిల్ల నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

తిలోత్తమ తమలపాకులు పట్టుకుని బయటికి వచ్చింది. జుట్టు నెరిసిపోయింది. అచ్చం అమ్మలా ఉంది. నన్ను చూసి కదల్లేదు.

"నిన్ను కూర్చోమని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు."

"మరి?"

"పీట వేసి ఉంది."

ఇక తిట్టడం మొదలుపెట్టింది. మీ పాటలు దాని ముందు జోలపాటలు. పొరుగువాళ్ళు గోడమీదనుంచి తొంగిచూశారు. నేను చేతులు చాపుకునే కూర్చున్నాను. "గడప తొక్కనన్నాను! 'నీ మొహం, తొక్కకుండా ఎక్కడికి పోతావే' అంటావని అన్నానురా. పుట్టింట్లో ఆడపిల్ల ఆ మాట ఎందుకంటుందో నీ పుస్తకాల్లో రాయలేదా? నువ్వేమో 'విన్నారుగా, మీరంతా సాక్షులు' అన్నావు. చెల్లెలికి సాక్షులు పెట్టినవాణ్ణి నిన్నే చూశాను!" అంది. ఆ మాట నేను అన్నాను. మీకు రాసిన ఉత్తరంలో అది రాయలేదు. నాకు అనుకూలంగా లేనిదాన్ని వదిలేశాను.

"రాసే ఉంది. నేనే చదవలేదు" అన్నాను.

అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే నా చేతుల్లో ఆకులు, వక్క, పువ్వు పెట్టి నీళ్ళు పోసింది. అన్నం పెట్టేటప్పుడు చెప్పింది, మామిడిపండు అమ్మే అడిగిందట. "ఇక నేను ఉండనే. ఒక్క పండు తినాలనుంది. వాడికి చెప్పకు, బాధపడతాడు" అందట. అమ్మ మాట నిలబెట్టడం కోసం అది పదకొండేళ్ళు నాకు ఆ సంగతి చెప్పలేదు. నేను దాన్ని ఏమన్నానో మీకు తెలుసు. చేతిలో ముద్ద విస్తట్లోనే పెట్టేశాను. "తిను, ఈసారి లేచిపోతే కాళ్ళు విరగ్గొడతా" అంది. తిన్నాను. మారు కూడా వడ్డించుకున్నాను.

మర్నాడు నాతో దర్భంగా వచ్చింది. గుమ్మం దగ్గర ఆగింది. "నీ మొహం, తొక్కకుండా ఎక్కడికి పోతావే" అన్నాను. పదకొండేళ్ళ కిందట అనవలసిన మాట. కాత్యాయని లోపలినుంచి ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది.

జగత్తారిణిగారూ, మాటకు అర్థం లోకం ఇస్తుంది. అది ఎవరైనా నేర్చుకోవచ్చు, నేను బాగానే నేర్చుకున్నాను. ఆ మాట ఎందుకు పుట్టిందో తెలియాలంటే మాత్రం అన్న మనిషి మీద ప్రేమ ఉండాలి. నాకు ఉంది గాని దాన్ని పరువు కింద తొక్కిపెట్టి కూర్చున్నాను. మీరు ఆ ఒక్క వాక్యం అబద్ధం రాసి ఉంటే నేను హాయిగా నమ్మి నిద్రపోయేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే భయం వేస్తోంది. మీ పిల్ల కాపురాన్ని పణం పెట్టి నాకు నా చెల్లెల్ని ఇచ్చారు. ఈ ఋణం తీరేది కాదు, తీర్చాలని నాకు లేదు కూడా. మిమ్మల్ని చెల్లెమ్మా అని పిలవాలనిపించింది. కాని చెల్లెలైతే పెళ్ళిపాటల్లో నన్ను తిట్టడానికి మీకు హక్కు పోతుంది. అందుకని వియ్యపురాలుగానే ఉండండి.

పూర్ణిమకు చెప్పండి, ఈ ఇంట్లో తను కోపంలో ఏ మాట అన్నా, ఎందుకు అందో అడిగాకే ఏమిటన్నది వింటాను.

ఉత్తరం చివర కాస్త చోటు ఉంచమని తిలోత్తమ పోరుతోంది. ఇస్తున్నాను.

మీ
హర్షపతి మిశ్ర

బేలాహీ గయ్యాళికి తిలోత్తమ రాయునది. చెప్పొద్దన్నది చెప్పావు, పేరు పెట్టి తిట్టవే అంటే పేరు మింగేశావు. నీ నాలుక పిల్లి ఎత్తుకుపోను, నీ వీశెడు గొంతు కాకులు పంచుకోను. మార్గశిరంలో మా కోడలి వెంట నీ కొడుకు వస్తాడుగా. వాణ్ణి విస్తరి ముందు కూర్చోబెట్టి ముందుపాట నేనే ఎత్తుకుంటా. నువ్వు గాజులవాడితో పోయావని కాదు, ఆ గాడిదతోనే పోయావని పాడతా. జగత్తారిణి, జగత్తారిణి, జగత్తారిణి అని పేరు పెట్టి, ఊరు పెట్టి, నీ ఏడు తరాలూ కలిపి తిడతా. నా తల్లీ, కడుపు నిండేదాకా తిడతా.